మనము మరచినను మరువని స్వామి

బాల్యము ఆటపాటలతోను, యౌవనము సంసారభారముతోను గడచిపోవును. వార్ధక్యమునకు వచ్చుసరికి పగళ్లు గడచుట కంటె రాత్రులు గడచుటయే కష్టమగును. "పగలు ఎట్లో వెళ్లిపోవును గాని రాత్రి వెళ్లదు" అని పెద్దలు తమలో తాము చెప్పుకొను మాట ఏ ఊరనైనను వినవచ్చును. ఇంటిలో దీపములు తగ్గించిన పిమ్మట అందరును నిద్రింతురు. వృద్ధురాలగు తల్లి ఒక్కతె పక్కమీద ఇటునటు పొరలుచుండును. గడియారము రెండు కొట్టును. ఆమె లేచి కూర్చుండును. ఏబది సంవత్సరములుగా ప్రతి ధనుర్మాసమునందును అనుసంధించిన తిరుప్పావైని మెల్లగా ఆరంభించును. నడుమ ఒక పాశురము నోటికి రాదు. మరల మొదటినుండి ఆరంభించును. మరల అచ్చటనే ఆగిపోవును. అప్పుడామెకు కన్నీరు వచ్చును. "నిద్రయు పోయినది, నామమును పోయినది. స్వామి నన్ను విడిచెను గాబోలు" అని లోలోపల కుమిలిపోవును.

తెల్లవారిన పిమ్మట ఆమె ఈ మాటను ఎవరితోను చెప్పదు. "రాత్రి కన్ను మూతపడలేదు నాయనా" అని మాత్రము కుమారునితో అనును. "వయస్సు వచ్చిన తరువాత ఇవి మామూలేనమ్మా, గోవిందనామము చెప్పుకొనుచు పడుకొనరాదా" అని కుమారుడు తన పనిమీద వెడలిపోవును. అతడు చెడ్డవాడు కాడు. తల్లియందు గౌరవము గలవాడే. కాని ఆ ఒక్క మాటలో రెండు పొరపాట్లు కలవు. వార్ధక్యమున వచ్చు ప్రతి బాధయు సహజమేయని ఉపేక్షించుట మొదటి పొరపాటు. నిద్ర రాకపోవుట, మనస్సు క్రుంగుట, మరపు కలుగుట అనునవి భక్తిలోపము వలన వచ్చినవియని వృద్ధులు తలచునట్లు చేయుట రెండవ పొరపాటు. మన శాస్త్రములు గాని, ఇతిహాసములు గాని, ఆచార్యుల ఉపదేశములు గాని ఈ రెండింటిలో ఏ ఒక్కదానిని అంగీకరింపవు.

ధృతరాష్ట్రుని రాత్రి

మహాభారతమున ఉద్యోగపర్వమునందు ప్రజాగరపర్వమను భాగము కలదు. ప్రజాగరమనగా నిద్రలేక మేలుకొనియుండుట. విదురనీతియని లోకప్రసిద్ధమైన ఉపదేశమంతయు ఈ భాగములోనిదే. దానిని పారాయణము చేయువారు అనేకులు కలరు. అయినను ఆ ఉపదేశము సభలో పుట్టినది కాదనియు, ఒక వృద్ధునకు నిద్ర పట్టకపోవుట చేత పుట్టినదనియు తరచుగా మరచెదము.

పాండవుల యొద్దకు రాయబారియై పోయిన సంజయుడు తిరిగివచ్చి, ధృతరాష్ట్రుని దోషములను నిష్ఠురముగా చెప్పి, తాను ప్రయాణమున అలసితిననియు, ధర్మరాజు సందేశమును మరునాడు సభలో వినిపింతుననియు పలికి వెడలిపోయెను. ఆ సందేశమెట్టిదో తెలియదు. వృద్ధరాజునకు అవయవములు దహించుకొనిపోవుచుండెను. కన్ను మూతపడలేదు. ద్వారపాలకుని పంపి విదురుని పిలిపించెను.

విదురుడు వచ్చి ముందుగా చేసినదేమి? నిద్రలేమికి గల కారణములను ఎంచి చెప్పెను. బలవంతునితో విరోధము తెచ్చుకొన్న దుర్బలునకును, సొమ్ము పోగొట్టుకొన్నవానికిని, కామాతురునకును, దొంగకును నిద్ర రాదని చెప్పి, అట్టివేవియు నిన్ను తాకలేదు గదా యని అన్నను అడిగెను. ఆ పిమ్మట తెల్లవారువరకు అతనిని విడువక, అతడు అడిగినదానికెల్ల ప్రత్యుత్తరము చెప్పుచు కూర్చుండెను.

ఇందు గృహస్థులు నేర్వవలసినవి మూడు కలవు. పిలిచిన వేళకు విదురుడు వచ్చెను, రేపు చూతమనలేదు. ఇది మొదటిది. నిద్ర రాకపోవుటను అతడు ఒక ఫలముగా భావించి దాని కారణమును వెదకెను, ఊరక పడుకొమ్మనలేదు. ఇది రెండవది. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. తనకు తెలిసిన ధర్మమంతయు చెప్పిన తరువాతను రాజు ఇంకను వినగోరగా, బ్రహ్మవిద్యను బోధించుటకు తాను అధికారిని కానని పలికి, విదురుడు సనత్సుజాతమహర్షిని ధ్యానించి రప్పించెను. తన శక్తికి మించిన విషయమును దానిని ఎరిగినవారికి అప్పగించుట విదురునంతటి జ్ఞానికి చిన్నతనము కాలేదు. ఇంటనున్న వృద్ధుని మనోవ్యథను వైద్యునితో చెప్పుటకు మనమేల సిగ్గుపడవలెను?

దశరథుని రాత్రి

శ్రీమద్రామాయణమునందు మరియొక వృద్ధుని రాత్రి కలదు. రాముడు అడవికేగిన ఆరవరాత్రి, నడిరేయి వేళ, దశరథునకు ఎన్నడో యౌవనమున చేసిన తప్పు జ్ఞప్తికి వచ్చెను. నీటి చప్పుడును ఏనుగు ధ్వనియని భ్రమించి బాణము వేసి మునికుమారుని చంపిన వృత్తాంతమంతయు కౌసల్యకు చెప్పెను. చూపు తప్పుచున్నదని, మనస్సు వశము తప్పుచున్నదని విలపించుచు ఆ రాత్రియే ప్రాణములు విడిచెను. సమీపముననే ఉన్న కౌసల్యాసుమిత్రలు దుఃఖభారము చేత అలసి నిద్రించుటవలన, తెల్లవారువరకు ఎవరికిని తెలియలేదు.

ఏండ్ల క్రిందటి పొరపాట్లు వార్ధక్యమున నడిరేయి వేళ వచ్చి ఎదుట నిలుచునని ఆదికవి ఎంత చక్కగా ఎరుగును! కూతురి పెండ్లి విషయమున చేసిన తొందర, తమ్మునితో పంచుకొనని పొలము, భార్య రోగములోనున్నప్పుడు పలికిన పరుషవాక్యము — ఇవి పగటివేళ దాగియుండి రాత్రివేళ బయలుదేరును. వానిని వినువారుండవలెను. "ఇప్పుడవి ఎందుకులెండి" అని త్రోసివేయరాదు. విన్నంతమాత్రముననే సగము భారము తగ్గును.

కౌసల్యాసుమిత్రల యందు దోషము లేదు. సేవ చేయువారును అలసిపోదురు. అంతకు కొంచెము ముందు కౌసల్య కూడ దుఃఖమున భర్తను కఠినముగా పలికి, వెంటనే పశ్చాత్తాపపడినదని వాల్మీకి చెప్పియున్నాడు. కావున వృద్ధుల రాత్రిసేవ ఇంటిలో ఒక్క కోడలిమీదనో, ఒక్క కుమార్తెమీదనో పడరాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు దానిని పంచుకొనవలెను. విదేశములందున్న పిల్లలు ధనము పంపుటతో తృప్తిపడక, ప్రతిదినము ఒకే వేళకు ఫోనులో పలుకరించినను ఆ వేళకై ఎదురుచూచుటలోనే పెద్దలకు దినమంతయు ఒక ఆధారమగును.

శరీరధర్మము

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమును నిలబెట్టు స్తంభములని చరకసంహిత చెప్పుచున్నది. సుఖదుఃఖములు, పుష్టియు కార్శ్యమును, జ్ఞానాజ్ఞానములు నిద్రను ఆశ్రయించియున్నవని ఆ గ్రంథమే వివరించినది. నిద్రానాశమునకు పనిభారము, కాలము, రోగము, ప్రకృతి, వాతము కారణములని ఎంచినది. భక్తి లేకపోవుట అను కారణము ఆ పట్టికలో లేదు. గీతాచార్యుడును మితిమీరి నిద్రించువానికిని, బొత్తుగా నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని సెలవిచ్చి, నిద్రయందును మెలకువయందును మితమును విధించెను. ఇందువలన నిద్రను కాపాడుకొనుట సాధనలో భాగమే యని తేలుచున్నది.

నేటి వైద్యులు చెప్పునదియు దీనికి విరుద్ధము కాదు. వయస్సు పెరిగినకొలది నిద్ర పలుచనగును. తొందరగా వచ్చి తొందరగా విడుచును. నడుమ మెలకువలు హెచ్చగును. ఇంతవరకు సహజమే. కాని నిద్ర యొక్క అవసరము వృద్ధులకు తీరిపోదు. అరువదియైదేండ్లు దాటినవారికిని ఏడెనిమిది గంటల నిద్ర తగినదని చెప్పుదురు. వారముల తరబడి నిద్ర లేక పగలంతయు నీరసముతో గడచుచున్నచో దానికి కారణమును వెదకవలెను. కీళ్లనొప్పి, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, ఆయాసము, కాళ్లలో చిమచిమ, వాడుచున్న మందుల ప్రభావము, మనోవ్యథ — ఇవన్నియు నిద్రను చెరచును. బిగ్గరగా గురక పెట్టుచు నడుమ నడుమ ఊపిరి ఆగినట్లగుటయు ఒక రోగమే. దానిని గాఢనిద్రయని భ్రమింపరాదు.

నిద్రమాత్రల విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. వానివలన వృద్ధులకు రాత్రివేళ తూలిపడి ఎముకలు విరుగుటయు, తెల్లవారి మనస్సు మసకబారుటయు సంభవించును. ఒకరికి వ్రాసియిచ్చిన మాత్రను మరియొకరు మ్రింగరాదు. చిరకాలముగా వాడువారు తమంతట తాము ఒక్కసారిగా మానివేయను రాదు. రెండింటికిని వైద్యుని సలహాయే శరణ్యము.

మందు లేకుండ చేయదగినది చాల కలదు. ఏ రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేచుట, లేలేత ఎండ శరీరమునకు తగులునట్లు అర్ఘ్యప్రదానమునకో తులసికోట ప్రదక్షిణమునకో వెలుపలికి వచ్చుట, మధ్యాహ్నము దాటిన పిమ్మట కాఫీని మానుట, సాయంకాలము శక్తికొలది నడచుట మేలు చేయును. వృద్ధులకు పగటినిద్రను చరకుడు నిషేధింపలేదు. అయినను అది అరగంటకు మించకున్నచో రాత్రినిద్రకు భంగము కాదు. నిద్ర వచ్చినప్పుడే పక్కమీదికి చేరవలెను. చాలసేపటికిని రాకున్నచో గడియారము చూచుచు పొరలుట కంటె, లేచి తక్కువ వెలుతురులో కూర్చుండి, మరల కన్నులు బరువెక్కినప్పుడు శయనించుట మంచిది.

ఆ వేళ నామము చెప్పుకొనవచ్చునా? తప్పక చెప్పుకొనవచ్చును. కాని నిద్ర రప్పించు మందుగా కాని, జ్ఞాపకశక్తికి పరీక్షగా కాని చెప్పుకొనరాదు. నామము ఆశ్రయము. వచ్చినంతవరకు చెప్పి, రానిచోట ఆగినను దోషము లేదు.

విషాదము

భగవద్గీతలో మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. అవయవములు పట్టుతప్పుట, నోరు ఎండుట, శరీరము వణకుట, చేతినుండి గాండీవము జారుట, నిలువలేకపోవుట, మనస్సు తిరుగుట — ఈ లక్షణములన్నియు అర్జునునియందు కనబడెను. అంతటి వీరునకు, సాక్షాత్తు భగవానుని సఖునకు విషాదము కలిగినప్పుడు, అది సామాన్యులకు కలుగుట అపరాధమెట్లగును? స్వామి అతనిని మొదట గట్టిగా హెచ్చరించినను, రథము దిగి పోలేదు. తుదివరకు ప్రక్కనే ఉండి సంశయములన్నింటిని తీర్చెను.

నేడు వైద్యులు డిప్రెషన్ అని వ్యవహరించు వ్యాధి వృద్ధులలో తరచు వేరు రూపమున కనబడును. వారు దుఃఖముగా ఉన్నదని చెప్పరు. కడుపులో మంటయనియు, ఒళ్లునొప్పులనియు, ఆకలి లేదనియు చెప్పుదురు. నిత్యము ఎదురుచూచు హరికథకు పోరు. పూలతోటవంక చూడరు. మనుమడు పిలిచినను పలుకరు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మరల నిద్ర రాదు. ఇట్టి స్థితి రెండు వారములకు మించి నిలిచినచో అది వైరాగ్యమని పొరబడరాదు. వైరాగ్యమున మనస్సు తేలికపడును. ఈ వ్యాధిలో బరువెక్కును. వైరాగ్యము కలవాడు భగవద్విషయమునందు రుచిని పెంచుకొనును. ఈ వ్యాధి కలవానికి భగవద్విషయమునందును రుచి పోవును. ఈ భేదమును గృహస్థులు ఎరుగవలెను. ఇది వార్ధక్యముతో విధిగా వచ్చునది కాదు. వచ్చినను చికిత్సకు లొంగునట్టిది.

"నేను అందరికి భారమైతిని, స్వామి త్వరగా తీసికొనిపోయిన బాగుండును" అను మాటను పెద్దల వాడుక మాటయని విడువరాదు. దగ్గర కూర్చుండి, "అమ్మా, బ్రదుకవద్దని మనస్సులో అనిపించుచున్నదా?" అని మృదువుగా, స్పష్టముగా అడుగవలెను. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, పుట్టియున్నచో బయటపడును. అట్టి తలంపు ఉన్నదని తెలిసినచో వారిని ఒంటరిగా విడువక, ఆ దినముననే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటాడవచ్చును.

మరపు

ఇక వైష్ణవుల హృదయమును అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టునది మరపు. అంత్యకాలమున దేనిని స్మరించుచు దేహమును విడుచునో దానినే పొందునని గీతలో ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. దానిని చదివిన వృద్ధుడు, "నేటికే మనుమని పేరు జ్ఞప్తికి రాదు. ఆనాడు స్వామి పేరు ఎట్లు జ్ఞప్తికి వచ్చును?" అని కలవరపడును. ఎన్నో రాత్రుల నిద్రను హరించునది ఈ భయమే.

ముందుగా దేహమునకు సంబంధించిన మాట. మరపు అంతయు ఒక్కటి కాదు. కళ్లజోడు ఎచ్చట పెట్టినది మరచుట వేరు. ఎన్నో ఏండ్లు నడచిన వీధిలో దారి తప్పుట వేరు. మనస్సు క్రుంగినప్పుడును, థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడును, విటమిన్ బి12 తగ్గినప్పుడును మరపు కలుగవచ్చును. ఇవి చికిత్సకు లొంగునవి. చెవులు సరిగా వినబడకపోవుటయు మరపువలె కనబడవచ్చును. ఒకటి రెండు దినములలోనే అకస్మాత్తుగా మాట తడబడి, మనుష్యులను గుర్తింపలేక, రాత్రిని పగలనుకొనుచున్నచో, అది మూత్రమునందలి దోషముచేతనో, జ్వరముచేతనో, శరీరమున నీరు తగ్గుటచేతనో, మందులచేతనో కలిగియుండవచ్చును. అప్పుడు ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మెల్లమెల్లగా పెరుగు మరపురోగమును పూర్తిగా పోగొట్టు మందు నేటికిని లేదు. అయినను వైద్యుని సహాయముతో వారి బ్రతుకును సుఖముగా జరుపవచ్చును.

ఇక ఆత్మకు సంబంధించిన మాట. తిరుమలకు వచ్చిన యాత్రికులు శ్రీనివాసుని కంటె ముందుగా పుష్కరిణీతీరమున వెలసిన శ్రీవరాహస్వామిని సేవించుట సంప్రదాయము. ఆ వరాహమూర్తి భూదేవికి అనుగ్రహించిన వాక్యము వరాహచరమశ్లోకమని పూర్వాచార్యులచేత ఆదరింపబడినది. శ్రీవేదాంతదేశికులు దానికి రహస్యశిఖామణి అను వ్యాఖ్యానమును రచించిరి. ఆ వాక్యముయొక్క తాత్పర్యమిది: మనస్సు స్వస్థముగా, దేహము దృఢముగా, ధాతువులు సమముగా ఉన్న కాలమున ఎవడు స్వామిని చింతించునో, అతడు తుదిని కట్టెవలె, రాతివలె తెలివితప్పి పడియున్నప్పుడు, స్వామియే అతనిని స్మరించి పరమపదమునకు తీసికొనిపోవును.

ఈ వాగ్దానమున ఎంతటి ఊరట కలదో ఆలోచింపుడు. అంత్యస్మృతి యొక్క భారమును స్వామి భక్తుని తలపైనుండి తీసి తన తలపై పెట్టుకొనెను. స్మరించువాడు భగవంతుడు, స్మరింపబడువాడు భక్తుడు. పెరియాళ్వారులును శ్రీరంగనాథుని ఎదుట ఇదే విన్నవించుకొనిరి. ప్రాణము పోవు వేళ తనకు స్మరణము ఉండదనియు, ఆనాటికి చెల్లునట్లు ఈనాడే చెప్పి ఉంచితిననియు ఆ మహనీయుడు అరంగనికి నివేదించెను. విష్ణుచిత్తునంతటివాడే తన స్మృతిని నమ్ముకొనక స్వామి స్మృతిని నమ్ముకొనగా, ఇతరులు తమ మరపునకు వెరవనేల?

ఏకాంతసేవ

తిరుమలలో దినమంతయు జరుగు సేవలలో తుదిది ఏకాంతసేవ. భోగశ్రీనివాసమూర్తిని శయ్యపై వేంచేపు చేయుదురు. ధనుర్మాసమున శ్రీకృష్ణస్వామికి ఆ సేవ జరుగును. పాలు, పండ్లు నివేదింతురు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) వంశీయులు జోలపాట పాడుదురు. తరిగొండ వెంగమాంబ (1730–1817) పేర ముత్యాలహారతి జరుగును. పిమ్మట తలుపులు మూయుదురు. నిద్రయే లేని పరమాత్మకు నిద్ర సమకూర్చుట ఒక కైంకర్యమైనప్పుడు, నిద్రకై తపించు తల్లిదండ్రులకు దానిని సమకూర్చుట కైంకర్యము కాకపోవునా?

ప్రతి గృహస్థుడును తన ఇంట వృద్ధులకు ఇట్టి సేవను జరుపవచ్చును. ఒకే వేళకు తేలికయైన భోజనము, వేడి పాలు, పాదములకు కొంచెము నూనె, మెత్తని పక్క, తగ్గించిన దీపము, ఆపివేసిన టెలివిజను, మెల్లగా పాడిన ఒక సంకీర్తనము — ఇవి చాలును. చరకుడు నిద్రకు హితమని చెప్పిన అభ్యంగము, క్షీరము, మనస్సుఖము, ఇంపైన ధ్వని, సుఖశయ్య అనునవన్నియు ఇందులోనే ఉన్నవి. నడచుదారిలో కాలికి తగులు వస్తువులు లేకుండ తీసి, రాత్రి లేచినప్పుడు పడిపోకుండ ఒక చిన్న దీపము ఉంచవలెను.

దేవాలయమున సేవాకాలమునందు గోష్ఠి సాగుట భక్తులెల్లరు చూచియున్నదే. ఒకరు ఒక పదమును మరచినచో ప్రక్కవారు దానిని అందింతురు, పాశురము ఆగదు. మరచినవారిని గోష్ఠినుండి లేపివేయరు. ఇల్లును అట్టి గోష్ఠియే. నడిరేయి రెండు గంటలకు ఏ తల్లియైనను పాశురము నడుమ ఆగి కన్నీరు పెట్టుకొనుచున్నచో, కుమారుడు దీపము కొంచెము పెంచి ఆమె ప్రక్కన కూర్చుండి, "అమ్మా, ఎచ్చట ఆగితివో చెప్పుము, నేను అందించెదను" అనవలెను. తెల్లవారగానే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. రాత్రి అందించిన పదమును, పగలు ఇప్పించిన మందును రెండును ఆ వరాహస్వామి స్మరణమునకు రూపములే. తన భక్తులను తాను స్మరించుటకు స్వామి వారి బిడ్డలను పంపుచుండును.

వృద్ధులెల్లరు నిశ్చింతగా నిద్రింతురు గాక! వారిని కాపాడువారికి ఓర్పును, బలమును శ్రీనివాసుడు ప్రసాదించు గాక!